సున్నా శాతం

నవ్వానన్న మాట నిజం. ముందే ఒప్పేసుకోవడం మంచిది.

క్రిందటేడు వర్జీనియాలో వున్న మా అక్కయ్య కూతురింటికి వెళ్ళాను. అది అక్కడ ఒక లాయరుగారి ఆఫీసులో పనిచేస్తోంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ తరఫున ప్రభుత్వానికి అప్పీళ్ళు రాసే ఆఫీసు. ఒక శనివారం మధ్యాహ్నం నేను వంటింట్లో బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. అది ఎదురుగా కూర్చుని ఏవో కాగితాలు చదువుకుంటోంది.

"ఏమిటే, అంత దీక్షగా చదువుతున్నావు?" అన్నాను.

పాత తీర్పులట. పేర్లు తీసేసి, ఎవరైనా చదువుకోవచ్చని ప్రభుత్వమే బయటపెట్టే తీర్పులు. సైనికోద్యోగం మూలంగా తాము దాంపత్యానికి పనికిరాకుండా పోయామని, దానికి పరిహారం ఇప్పించాలని మాజీ సైనికులు పెట్టుకున్న అప్పీళ్ళ మీద తీర్పులు.

నేను ఫక్కున నవ్వాను. "దానికి కూడా పెన్షనా?"

"నవ్వకు పిన్నీ" అంది అది తలెత్తకుండానే. "నవ్వుతారనే చాలామంది ఏళ్ళ తరబడి అడగరు."

చిక్కుడుకాయలు అయిపోయాయి. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. విషయం మొహమాటమైనదే. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేం గొడవమ్మా అని మీరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో మగవాళ్ళ గొడవ ఎంత వుందో, మన గొడవ అంతకు తక్కువ లేదు.

ముందు ఆ ఏర్పాటేమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. సైన్యంలో వుండగా తగిలిన దెబ్బకు, పట్టుకున్న జబ్బుకు అమెరికా ప్రభుత్వం శాతాలు కడుతుంది. మోకాలికి ఇంత, చెవికి ఇంత, మనసు చెదిరినందుకు ఇంత అని. శాతాన్నిబట్టి నెలనెలా డబ్బు ఇస్తారు. ఆ శాతం దేనికి కొలత అనుకున్నారు? బాధకు కాదు. ఆ లోపం వల్ల మనిషి సంపాదనశక్తి సగటున ఎంత తగ్గుతుందో, దానికి కొలత.

మనం చెప్పుకుంటున్న లోపానికి వాళ్ళ పట్టికలో నెంబరు 7522. ఒకప్పుడు అవయవానికి వికృతీ వుండి, పటుత్వమూ పోతే 20 శాతం కట్టేవారు. పటుత్వం ఒక్కటే పోతే సున్నా. వికృతి అంటే పైకి కనిపించేదేనా, లోపలిది లెక్కలోకి రాదా అని వాదన నడిచింది. లోపలిదైనా వికృతేనని 2018లో కోర్టు అంది. 2021 నవంబరు 14 నుంచి ఆ పేచీ లేకుండా పట్టికనే మార్చేశారు. ఇప్పుడు వికృతి వున్నా, లేకపోయినా సున్నాయే.

సున్నా శాతం అంటే 'నీకేం కాలేదు పో' అనడం కాదు. అక్కడే వుంది తమాషా. 'నీకు జరిగింది నిజమే. మా ఉద్యోగం చేయడం వల్లే జరిగింది. కాని దానివల్ల నీ సంపాదనకు లోటేమీ లేదు' అని దాని అర్థం. లెక్కకు తప్పు పట్టలేం. పడకగదిలో ఏం పోగొట్టుకున్నా, మర్నాడు పొద్దున లారీ తోలవచ్చు, ఆఫీసులో చిట్టాలు రాయవచ్చు. సంపాదనే మనిషికి కొలత అయినచోట ఆ దుఃఖం విలువ సున్నా.

అలాగని ఆ దేశపు చట్టం అక్కడితో చేతులు దులుపుకోలేదు. సంపాదన లెక్కకు అందని నష్టాలు కొన్ని వుంటాయని ఒప్పుకుని, వాటికి ప్రత్యేకంగా ఒక నెలసరి మొత్తం పెట్టారు. ఒక చెయ్యి పోయినా, ఒక పాదం పోయినా, ఒక కంటికి చూపు పోయినా, రెండు చెవులూ పూర్తిగా వినపడకపోయినా, గొంతు పడిపోయినా అదే మొత్తం. ఆ జాబితాలోనే ఇదీ వుంది. 2024లో అది నెలకు 132 డాలర్ల 74 సెంట్లు. అప్పటి మన డబ్బులో పదకొండు వేల పైచిలుకు. ధరలనుబట్టి ఏటా కాస్త మారుతుంటుంది.

చట్టంలో ఆ అవయవానికి పెట్టిన పేరు నాకు భలే నచ్చింది. మన భాషలో చెప్పాలంటే 'సృజనాంగం'. ముప్ఫై నవలలు రాసినావిడకో, పది నవలలు రాసి చేతులు నొప్పెట్టిన నాలాంటిదానికో ఆ మాట వింటే ఇంకేదో స్ఫురిస్తుంది. ఆ మాటే అన్నాను మా పిల్లతో. ఈసారి అదీ నవ్వింది.

అయితే ఈ సొమ్ము అడిగినవాడికల్లా ఇవ్వరు. సైనికోద్యోగానికీ లోపానికీ సంబంధం చూపించాలి. అది చెప్పినంత తేలిక కాదు. గాయం నేరుగా అక్కడే తగిలితే వాదనే లేదు. అఫ్ఘానిస్తాన్‌లో కాళ్ళకింద బాంబు పేలి, నడుం కిందిభాగం ఛిద్రమైన ఒక సైనికుడికి 2018లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి డాక్టర్లు ఆ అవయవాన్నే మార్పిడి చేశారు. చాలా కేసులు అలాంటివి కావు. గొలుసు పొడుగ్గా వుంటుంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు వియత్నాం వెళ్ళాడు. అడవుల ఆకులు రాలగొట్టడానికి విమానాలనుంచి జల్లిన 'ఏజెంట్ ఆరెంజ్' మందు గాలిలో తిరిగాడు. ఇంటికొచ్చాడు, పెళ్ళి చేసుకున్నాడు. యాభయ్యో ఏట చక్కెర వ్యాధి వచ్చింది. ఆ వ్యాధి నరాలనూ రక్తనాళాలనూ తినేసింది. దాంతో ఇది వచ్చింది. ఆ మందుకూ చక్కెర వ్యాధికీ ముడివుందని ప్రభుత్వం ఒప్పుకున్నది 2001లో! ఇంకొకరికి మనసు చెదిరి, నిద్రపట్టక మందులు వాడితే, ఆ మందులే ఇది తెచ్చిపెడతాయి. ఒకదాన్నించి ఇంకొకటి వచ్చిందని రుజువు చేస్తే, రెండోదాన్ని కూడా సైన్యం ఖాతాలోనే వేస్తారు.

కాని ఇందులో అడ్డుపడే మాట ఒకటుంది. వయసు. 'అరవై దాటాయి కదా, ఎవరికైనా వచ్చేదే' అని డాక్టరు ఒక్క ముక్క రాస్తే కథ కంచికి. అప్పుడు ఏడాదిలోగా అప్పీలు చేసుకోవాలి. పై బోర్డు వాషింగ్టన్‌లో వుంది. అన్ని రకాల జబ్బులవీ కలిపి 2023లో ఆ బోర్డు లక్షకు పైగా తీర్పులిచ్చింది. ఆ పైన కోర్టు. ఆ కోర్టుకు దారి తెరిచిన చట్టం 1988లో గాని రాలేదు. అంతకుముందు బోర్డు కాదంటే కాదనే. లాయరును పెట్టుకుందామన్నా 1864 నాటి చట్టం ప్రకారం ఫీజు పది డాలర్లు మించకూడదు. అంతర్యుద్ధం రోజుల్లో పెట్టిన ఆ పది, నూటికి పైగా ఏళ్ళు అలాగే వుండిపోయింది. పది డాలర్లకు ఏ లాయరు వస్తాడు చెప్పండి?

ఒక్క మంచి సూత్రం మాత్రం వుంది. సాక్ష్యం అటూ ఇటూ సమానంగా తూగితే సైనికుడి వైపే మొగ్గాలి. 1990లో ఒక తీర్పులో కోర్టు దీన్ని వాళ్ళ బేస్‌బాల్ ఆటతో పోల్చింది. మన క్రికెట్లో సందేహం వస్తే బ్యాటు పట్టినవాడికి వదిలేస్తారే, అలాగన్నమాట.

మరి నాలుగు గోడల మధ్య సంగతికి సాక్ష్యం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక్కడే నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి కూర్చున్నాను. సాక్ష్యం భార్య ఉత్తరం. జబ్బు పేరేమిటో, ఎందుకొచ్చిందో చెప్పాలంటే డాక్టరు కావాలి. కాని కళ్ళతో చూసినదాన్ని, రోజూ అనుభవించినదాన్ని చెప్పడానికి డాక్టరు కానక్కరలేదని ఆ దేశపు కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అప్పటి ఆసుపత్రి కాగితాలు లేవన్న ఒక్క కారణంతో ఆ మాటను కొట్టిపారేయకూడదని కూడా 2006లో అన్నాయి. అందుకని భార్యలు రాస్తారు. ఆయన వెళ్ళకముందు ఎలా వుండేవాడు, వచ్చాక ఎలా వున్నాడు, ఎప్పటినుంచి మంచానికి ఆ చివరకు జరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. ఇలాంటివన్నీ తేదీలతో, కింద సంతకంతో.

ఆ ఉత్తరం రాయడానికి కూర్చునే ఆడమనిషిని ఊహించుకున్నాను. పిల్లల్ని స్కూలుకు పంపి, వంటింటి బల్ల తుడిచి, పెన్ను తీసుకుంటుంది. మొదటి వాక్యం ఎలా మొదలుపెడుతుంది? కథకు మొదటి వాక్యం దొరక్క నేను వారాలు కొట్టుకుంటాను. నాది కథ. ఆవిడ బ్రతుకు.

ఈ కబుర్లు మా బావగారికి నచ్చలేదు. ఆయన పేపరు చాటునుంచే అన్నారు: "దేశం కోసం వెళ్ళినవాడు ప్రాణమే ఇస్తానని వెళ్ళాడు. దీనికి బిల్లు వెయ్యడమేమిటి, చవకబారుగా?"

ఆ మాటలో బొత్తిగా పస లేదనను. త్యాగానికి ఖరీదు కడితే అది త్యాగమా, బేరమా అన్న ప్రశ్న పాతదే. కాని చెయ్యి పోయిందని అడిగితే మనం బేరమంటున్నామా? చేతులెత్తి నమస్కరిస్తున్నాం. కన్ను పోయిందంటే గౌరవం, కాలు పోయిందంటే గౌరవం, ఇది పోయిందంటే మాత్రం నవ్వు. నష్టం పెట్టినది ఒకే యుద్ధం. తేడా పెట్టినది మనం. ఆ చట్టం ఒక చేతికీ, ఒక కంటికీ, దీనికీ ఒకే మొత్తం కట్టిందంటే, డబ్బు మాట అలా వుంచండి, మూడూ ఒకే వరసలో నిలబెట్టి పేరు పిలిచిందన్నమాట. 132 డాలర్లతో ఎవరి కాపురమూ నిలబడదు. కాని 'ఇది నీ తప్పు కాదు, మా పనిలో జరిగింది' అని ప్రభుత్వం ముద్రవేసి ఇచ్చిన కాగితం, మనిషి తలెత్తుకు తిరగడానికి ఎంతో కొంత పనికొస్తుందని నాకనిపిస్తుంది.

అసలు చిక్కు మాటలోనే వుంది. మన భాషలో ఈ లోపానికి జబ్బు పేరు లేదు, తిట్టే వుంది. డాక్టర్లు అంగస్తంభన లోపం అంటారు. ఆ మాట డాక్టరుగారి గది దాటి బయటకు రాదు. వీధిలో వున్నది 'నపుంసకుడు' ఒక్కటే. ఎవరన్నా వెనకడుగు వేస్తే 'నువ్వు మగాడివేనా' అంటాం. ఇంకా కోపం వస్తే 'గాజులు తొడుక్కో' అంటాం. ఆ గాజులు తొడుక్కున్నవాళ్ళం పక్కనే నిలబడి వింటూ వుంటాం కూడా! ఇక వైద్యమంటారా, రైల్వేస్టేషను గోడలమీద 'రహస్య వ్యాధులకు ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో' అని రాసిన ప్రకటనలే గతి. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంతే. శక్తిహీనుడు అనే అర్థం వచ్చే మాటే వాడేవారు. ఆ మాట కించపరిచేలా వుంది, మార్చండని 1992లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన సదస్సు చెప్పింది. 1998లో వయాగ్రా మాత్ర వచ్చింది. కొన్నాళ్ళకే బాబ్ డోల్ టీవీలో కనిపించి ఈ లోపం గురించి మాట్లాడాడు. ఆయన 1945లో ఇటలీ యుద్ధరంగంలో గాయపడి కుడిచెయ్యి పోగొట్టుకున్నంత పనయినవాడు, 1996లో అధ్యక్ష పదవికి పోటీ చేసినవాడు, ప్రోస్టేటు క్యాన్సరుకు ఆపరేషను చేయించుకున్నవాడు. వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు. అది వ్యాపార ప్రకటనే, కాదనను. అయినా ఒక యుద్ధవీరుడి నోట ఆ మాట తిట్టుగా కాక జబ్బుగా వినపడింది.

నాకు అర్జునుడు గుర్తొస్తాడు. కురుక్షేత్రంలో విల్లు కింద పెట్టినప్పుడు కృష్ణుడు మొదట మందలించింది ఈ మాటతోనే, క్లైబ్యం వద్దని. యుద్ధం చెయ్యనంటే మగతనం లేనట్టే అన్నమాట. ఆ మాటతో పొడిచి యుద్ధానికి పంపితే, తీరా యుద్ధం నుంచి ఎంతమంది నిజంగానే ఆ స్థితిలో ఇంటికి వస్తున్నారో చూడండి! ఇంకో సంగతి. అంతకు కాస్త ముందే అదే అర్జునుడు విరటుడి కొలువులో బృహన్నలగా ఏడాదిపాటు వున్నాడు. తిక్కనగారి విరాటపర్వం వర్షాలకోసం మన పల్లెల్లో చదివించేవారు, అందరికీ తెలిసిన కథే. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను ఒక్కడే తిప్పికొట్టింది ఎవరు? రథమెక్కినప్పుడు వున్నది బృహన్నల వేషమే. వీరత్వం ఎక్కడ వుంటుందో ఆ కథ చెప్పనే చెప్పింది. మనకే వినపడలేదు.

ఇక దాచుకున్న సంగతి చెప్పేస్తాను.

మా పెదనాన్నగారు మిలటరీలో పనిచేసి వచ్చారు. కొండల్లో సామాన్ల లారీ బోల్తాపడి నడుముకు దెబ్బ తగిలింది. ఎడమకాలు ఈడ్చి నడిచేవారు. ఆ కాలికి పెన్షను వచ్చేది. ఊళ్ళో ఆ కాలంటే అందరికీ గౌరవం. రచ్చబండ దగ్గర ఆయన వస్తే లేచి చోటిచ్చేవారు. పిల్లలం ఆ కాలు చుట్టూ చేరి లారీ కథ చెప్పించుకునేవాళ్ళం.

వాళ్ళకు పిల్లలు లేరు. ఊరు దానికీ ఒక పేరు పెట్టింది. ఆ పేరు ఆయనకు కాదు, మా దొడ్డమ్మకు. గొడ్రాలు. సీమంతాలకు పిలిచేవారు కాదు. పిలిచినా ఆవిడే గుమ్మం దగ్గర నిలబడి అక్షింతలు ఎవరిచేతనో వేయించేది. నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యని సంవత్సరం లేదు. చుట్టని చెట్టు లేదు. మా నాయనమ్మ ఒకటి రెండుసార్లు పెదనాన్నకు మళ్ళీ పెళ్ళి చేస్తానని కూడా అందట. ఆయన వద్దన్నారు. 'ఎంత మంచివాడమ్మా, గొడ్రాలినైనా వదల్లేదు' అని ఊరు ఆయన్ని ఇంకాస్త మెచ్చుకుంది.

ఆయన పోయిన రెండేళ్ళకు నేను ఊరు వెళ్ళాను. దొడ్డమ్మ వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఏదో మాటమీద మాట వచ్చి, తలెత్తకుండానే అంది: "దెబ్బ తిన్నది కాలొక్కటే కాదే అమ్మాయ్."

నాకు అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. "మరి ఎప్పుడూ చెప్పలేదేం దొడ్డమ్మా?" అన్నాను.

"ఆయన మాట పోతుంది కదే" అంది.

అంతే. ఇంకేమీ అడగలేదు నేను. ఎన్ని జంటల దాంపత్యాల గురించో పేజీలకు పేజీలు రాసినదాన్ని, ఆ పూట నోరు పెగల్లేదు. లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. ఇప్పుడు ఆవిడా లేదు.

వర్జీనియాలో నేను నవ్వినప్పుడు మా దొడ్డమ్మ నాకు గుర్తు రాలేదు. 'నవ్వకు పిన్నీ' అన్న తర్వాతే గుర్తొచ్చింది. నాకు సిగ్గేసినది అందుకే.

పరాయివాళ్ళ ముందు ఈ సంగతులు విప్పి చెప్పుకోవడం మర్యాదేనా అని అడుగుతారు చాలామంది. మర్యాదే అని నేనూ గట్టిగా అనలేను. ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు, గుమాస్తా ముందు, బోర్డు ముందు ఒక మనిషి తన లోపాన్ని రుజువు చేసుకోవలసి రావడం శిక్షలాంటిదే. కాని దాచుకోవడం ఉచితం కాదు. దానికీ ఖరీదుంది. ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న. మా ఇంట్లో దొడ్డమ్మ చెల్లించింది, నలభై ఏళ్ళు, రోజువారీ వాయిదాల్లో. పెదనాన్న చెడ్డవారు కారు. నవ్వుతారని భయపడ్డారు. ఆ నవ్వేవాళ్ళలో నేనూ వున్నాను కదా మరి.

ఆవిడ వీధికెక్కి చెప్పవలసిందని నా అభిప్రాయం కాదు. చెప్పినా చెప్పకపోయినా అది ఆవిడిష్టం. కాలి గురించి పెన్షను కాగితంలో రాసిన గుమాస్తా రెండో ముక్క కూడా రాసివుంటే, శాతం దగ్గర సున్నా వేసినా సరే, ఆ కాగితం ఎవరికీ చూపించకుండా పెట్టె అడుగున దాచుకున్నా సరే, పుట్ట దగ్గర పాలు పోసేటప్పుడు 'ఇది నా తప్పేమో' అన్న అనుమానం ఒక్కటైనా వుండేది కాదేమో.

అమెరికాలో అంతా బాగుందని చెప్పడానికీ లేదు. ఆ పట్టికలో భార్యకు గడి లేదు. ఉత్తరం ఆవిడది, నష్టం లెక్క ఆయనది. పోయినది ఇద్దరికీ అయినా కాగితం మీద ఒక్కడిదే. సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళకే ఇలాంటి లోపం వస్తే దానికంటూ పట్టికలో ఒక నెంబరు చేర్చింది 2018లో. అదీ సున్నా శాతమే, నెలసరి మొత్తానికి మాత్రం దారి వుంది.

తిరిగి వచ్చేముందు రోజు రాత్రి పెట్టె సర్దుకుంటూ మా పిల్లను అడిగాను.

"ఆ ఉత్తరాలు రాసే ఆడవాళ్ళకు ఏమైనా ఇస్తారా?"

"వాళ్ళకంటూ ఏమీ లేదు పిన్నీ."

"పోనీ, రాసినది చదువుతారా?"

"చదవాలి. ఆ ఉత్తరం సంగతి ఎత్తకుండా తీర్పు రాస్తే పై కోర్టు మళ్ళీ చూడమని వెనక్కి పంపిస్తుంది."

చదవాలి. ఆ ఒక్క మాటకు నాకెందుకో కళ్ళు చెమర్చాయి.

మా దొడ్డమ్మ ఉత్తరం రాయలేదు. రాసినా తీసుకునే ఆఫీసు లేదు. ఆవిడ చెప్పిన ఒక్క వాక్యమూ ఇన్నాళ్ళూ నా దగ్గరే వుండిపోయింది. ఇవాళ మీ చేతిలో పెట్టాను. మీరు చదివారు, అది చాలు.